కొత్తూరు మీద ఆకాశం ఖాళీగానే ఉంది

పోయిన నెలలో పెంజర్ల వైపు నుంచి ఒక రైతు మా ఆఫీసుకు వచ్చారు. అరవై దాటిన మనిషి. సంచిలోంచి పాస్‌పుస్తకం తీసి బల్ల మీద పెట్టి, కూర్చోకుండానే అడిగారు: “సారూ, మా గుట్ట కాడ ముప్పై అంతస్తులు లేస్తయని చెప్తున్నరు. గంత ఎత్తు కడితే ఇమానాలకు అడ్డం రాదా?” కూర్చోబెట్టి టీ తెప్పించాను గానీ, అడిగినదానికి సరైన జవాబు ఆ పూట ఇవ్వలేకపోయాను. ఇంటి ప్లాన్లు గీసి, అనుమతుల కాగితాలు తయారుచేసి బతికే నాబోటివాడికి ఆ ప్రశ్న కొత్తది కాదు. కాకపోతే ఇంతకాలం దాన్ని టీ కొట్టు దగ్గర మాటగానే విని వదిలేశాను. ఆయన వెళ్లాక నిబంధనల పుస్తకాలు, పాత లెక్కల కాగితాలు ముందు వేసుకుని కూర్చుంటే, మా ఊరిలో అందరూ అనుకుంటున్నదానికీ అసలు సంగతికీ చాలా దూరం ఉందని తేలింది.

కొత్తూరు గురించి తెలియనివారికి రెండు మాటలు చెప్పాలి. హైదరాబాద్ నుంచి బెంగళూరు రోడ్డు పట్టుకుని వస్తే శంషాబాద్ తర్వాత, షాద్‌నగర్‌కు ముందు మేము తగులుతాము. ఒకప్పుడు పాలమూరు జిల్లాకు ఇదే మొదటి మండలం. వెనుకబడిన జిల్లా కనుక రాయితీలు దొరికేవి, నగరం దగ్గర కనుక రవాణా తేలిక, అందుకే జిల్లా సరిహద్దు దాటగానే ఫ్యాక్టరీలు వెలిశాయి. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలైంది. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజనతో మేము రంగారెడ్డి జిల్లాలోకి వెళ్లాము. 2021 ఏప్రిల్ చివర మున్సిపాలిటీకి తొలి ఎన్నికలు జరిగాయి. ఇన్ని మార్పులు జరిగినా కారులో వెళ్లేవారికి ఇప్పటికీ మా ఊరు ఒక ఫ్లెక్సీల వరుసగానే కనిపిస్తుంది. ఫ్లెక్సీల మీద మాత్రం ఇరవై, ముప్పై అంతస్తుల భవనాల బొమ్మలు ఉంటాయి. వాటి వెనక ఉండేది కంది చేను.

విమానాల వల్లే ఇక్కడ పెద్ద భవనాలు రావడం లేదని మా దగ్గర పదిమందిలో ఎనిమిదిమంది నమ్ముతారు. విమానాశ్రయం చుట్టూ ఎత్తుకు హద్దులున్న మాట నిజమే. 2015లో కేంద్ర పౌర విమానయాన శాఖ ఇచ్చిన నియమాలు ఇందుకు ఆధారం. ఆ హద్దులు ఒక గొడుగులాంటివి కావు, మెట్లు మెట్లుగా ఉన్న గిన్నెలాంటివి. రన్‌వేకు నాలుగు కిలోమీటర్ల లోపు విమానాశ్రయ మట్టానికి 45 మీటర్ల పైన, భవనాలేవీ దాటకూడని ఒక ఊహాతలం ఉంటుంది. అక్కడి నుంచి ప్రతి 20 మీటర్ల దూరానికి ఒక మీటరు చొప్పున అది వాలుగా లేచి, ఇంకో రెండు కిలోమీటర్లలో 145 మీటర్లకు చేరుతుంది. ఆ తర్వాత 15 కిలోమీటర్ల దాకా దాదాపు సమతలంగా, 150 మీటర్ల ఎత్తున సాగుతుంది. రన్‌వే కొసల ఎదురుగా ఉన్న భూమికి మాత్రం వేరే లెక్క. విమానం దిగే దారి కనుక అక్కడ ఊహాతలం 60 మీటర్ల దూరంలోనే నేలను తాకి, నూటికి రెండు చొప్పున మాత్రమే పైకి లేస్తుంది.

శంషాబాద్ రన్‌వే తూర్పు పడమరలుగా ఉంది. అంటే ఎత్తు విషయంలో గట్టిగా ఇబ్బంది పడేది దానికి సరిగ్గా తూర్పున, పడమరన ఉన్న ఊళ్లు. మేము నైరుతిన, ఆ దారికి ఎంతో పక్కగా ఉన్నాము. రాత్రిపూట దూరాన దీపాలు దిగిపోతుంటే చూస్తాము గానీ, మా ఇంటి రేకులు అదిరిన రోజు లేదు.

ఇందులో సామాన్యులకు అంతుపట్టని మెలిక ఒకటుంది. ఈ ఎత్తులను నేల మీది నుంచి కొలవరు, సముద్రమట్టం నుంచి కొలుస్తారు. విమానాశ్రయం సముద్రమట్టానికి దాదాపు 617 మీటర్ల ఎత్తున ఉంది. దానికి 150 కలిపితే 767. ఉదాహరణకు ఒక స్థలం 640 మీటర్ల మట్టంలో ఉందనుకుందాం. అక్కడ 127 మీటర్ల భవనానికి చోటు మిగులుతుంది. అంతస్తుకు మూడు మీటర్ల చొప్పున చూస్తే, పైన నీళ్ల ట్యాంకు, లిఫ్టు గది, పిడుగు కడ్డీ అన్నీ కలుపుకుని కూడా నలభైకి అటూ ఇటూ అంతస్తులు. అదే 640 మీటర్ల గుట్ట విమానాశ్రయానికి నాలుగు కిలోమీటర్ల లోపు ఉంటే, 662లోంచి 640 తీసేయగా మిగిలేది 22 మీటర్లే, ఏడంతస్తులు కూడా కష్టం. పక్కనే 605 మట్టంలో ఉన్న పల్లానికి 57 మీటర్లు దక్కుతాయి. కనుక గుట్ట మీద భూమి ఉన్నవాడు ఎక్కువ ఎత్తు కట్టగలడన్న నమ్మకం తలకిందులైనది. పల్లంలో ఉన్నవాడే అదృష్టవంతుడని సంబరపడేలోపు, ఆ పల్లం చెరువు శిఖం, అంటే చెరువు నిండితే మునిగే భూమి, అయి ఉంటుంది. పెద్ద చెరువైతే నిండు నీటి మట్టం హద్దు నుంచి ఇంకో 30 మీటర్లు కూడా వదలాలి.

ఎత్తు కట్టదలచినవారు స్థలం అక్షాంశ రేఖాంశాలు, సముద్రమట్టం నుంచి ఎత్తు సర్వే చేయించి, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చుకోవాలి. విమానాల దిశా యంత్రాలు, రాడార్ల కోసం వేరే హద్దులు కూడా ఉంటాయి కనుక ప్రతి స్థలానికీ విడిగానే జవాబు వస్తుంది. కొత్తూరు లాంటి దూరంలో, దిగే దారికి పక్కగా ఉన్న ఊరికి ఆ పత్రం అసాధ్యమేమీ కాదు. ముప్పై అంతస్తులను అడ్డుకుంటున్నది విమానాలు కావని ఆ పెద్దాయనకు మొదటి రోజే చెప్పి ఉండాల్సింది.

మరి అడ్డుకుంటున్నవి ఏమిటి? మొదటిది మా వృత్తికి సంబంధించినది కనుక కాస్త వివరంగానే చెబుతాను. దేశంలోని చాలా నగరాల్లో మాదిరిగా స్థలానికి ఇన్ని రెట్లే కట్టాలన్న పరిమితి మన రాష్ట్రంలో లేదు. ఎదురుగా ఉన్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ స్థలం, ఈ రెండే ఎత్తును నిర్ణయిస్తాయి. 2012 నాటి 168వ నంబరు జీవో ప్రకారం 18 మీటర్లు, ఆపైన ఉన్నది బహుళ అంతస్తుల భవనం. ఊరూరా కనిపించే ‘స్టిల్టు ప్లస్ ఐదు’ (కింద బండ్లు నిలిపే స్తంభాల అంతస్తు, దాని మీద ఐదు) అన్న కొలత ఎవరి ఇష్టంతోనో వచ్చింది కాదు. స్టిల్టుతో కలిపి ఆరు అంతస్తులు 18 మీటర్లకు కాస్త దిగువన ఆగిపోతాయి, అంతే. ఆ గీత దాటాలంటే కనీసం 2,000 చదరపు మీటర్ల స్థలం ఉండాలి. మా లెక్కలో ఇరవై గుంటలకు కొంచెం తక్కువ.

ఇరవై గుంటల స్థలం ఒకటి చతురస్రంగా ఉందనుకుందాం. ఒక్కో వైపు 45 మీటర్లు. ఇరవై ఒక్క మీటర్ల ఎత్తు కడితే నాలుగు వైపులా ఏడేసి మీటర్లు వదలాలి. మధ్యలో 31 మీటర్ల చతురస్రం, అంటే 961 చదరపు మీటర్లు మిగులుతాయి. అదే స్థలంలో 55 మీటర్ల ఎత్తుకు వెళితే 16 మీటర్ల చొప్పున వదలాలి. మిగిలేది 13 మీటర్ల చతురస్రం, 169 చదరపు మీటర్లు. అందులో లిఫ్టులు, రెండు మెట్ల దారులు పోతే మనుషులు ఉండడానికి మిగిలేది బొగ్గుల అటకంత. పైగా ఎదురుగా వంద అడుగుల రోడ్డు ఉండాలి. జాతీయ రహదారిని ఆనుకున్న భూములను పక్కన పెడితే, మా పాత గ్రామాల దారుల్లో రెండు ట్రాక్టర్లు ఎదురైతే ఒకటి వెనక్కి పోవలసిందే.

కనుక నిజమైన టవరుకు ఐదెకరాలు, పదెకరాలు ఒక్క ముక్కగా కావాలి. ఇక్కడ ఒకే సర్వే నంబరులో ఏడుగురు అన్నదమ్ముల పిల్లలు ఉంటారు. ఒకరి భాగం అమ్ముడుపోతుంది, ఇంకొకరిది కోర్టులో ఉంటుంది. మధ్యలో రెండెకరాలు అసైన్డ్ భూమి, అంటే ప్రభుత్వం పేదలకిచ్చినది, అని తేలుతుంది, దాన్ని 1977 నాటి చట్టం ప్రకారం అమ్మడానికీ కొనడానికీ లేదు. భూమి రికార్డులకు ధరణి పోయి 2025లో భూభారతి వచ్చినా, కుటుంబాల్లో కుదరని పంపకాలను ఏ పోర్టలూ కుదర్చలేదు.

రెండోది నీళ్లు. నా దృష్టిలో అసలు ప్రశ్న ఇదే, బ్రోచర్లలో ఒక్క వాక్యం కూడా ఉండనిదీ ఇదే. మనిషికి రోజుకు 135 లీటర్లు అన్నది పట్టణ నీటి సరఫరాకు వాడే లెక్క. నాలుగు వందల ఫ్లాట్లు, ఫ్లాటుకు నలుగురు చొప్పున 1,600 మంది. రోజుకు 2,16,000 లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లతో తెప్పిస్తే 43 ట్యాంకర్లు, అదీ ఒక్క భవనానికి. హైదరాబాద్ జలమండలి పరిధి ఔటర్ రింగు రోడ్డు దగ్గరే ఆగిపోతుంది, మేము దానికి బయట ఉన్నాము. మిషన్ భగీరథ నీళ్లు వస్తున్నాయి, అందుకు సంతోషమే. ఆ పైపులు ఊరి జనాభాను చూసి వేసినవి, ఊరి మీద ఊరు లేపుతారని ఎవరూ అనుకోలేదు. ఇక బోర్లంటే మాది రాతి నేల. కింద నల్లరాయి, దాని పగుళ్లలో దొరికినన్నే నీళ్లు. నేను ప్లాన్లు గీసిన ఇళ్లలోనే ఒక వీధిలో నాలుగో బోరు పడగానే మొదటి రెండూ ఎండిపోవడం కళ్లారా చూశాను. పునాదికి మాత్రం ఆ రాయి దేవుడిచ్చిన వరం. దీని మీద ఎంత బరువైనా మోపవచ్చు. మోసే నేల ఉంది, తాగించే నేల లేదు.

వాడిన నీరు ఎక్కడికి పోతుందన్నది ఇంకా చిక్కు. ఊరంతటికీ భూగర్భ మురుగు కాలువల వ్యవస్థ లేనిచోట పెద్ద భవనం తన మురుగు తానే శుద్ధి చేసుకోవాలి. శుద్ధి యంత్రం పెట్టడం సులువే. ఐదేళ్ల తర్వాత దాని కరెంటు బిల్లు ఎవరు కట్టాలన్నదాని మీద అసోసియేషన్ సమావేశంలో గొడవ అవుతుంది. యంత్రం ఆగుతుంది, నీరు నాలాలోకి, నాలా చెరువులోకి. ఇటువైపు కొంత భూమి హిమాయత్‌సాగర్‌కు నీరిచ్చే ప్రాంతమన్న సంగతి కూడా గుర్తు పెట్టుకోవాలి.

హిమాయత్‌సాగర్ పేరు వచ్చింది కనుక 111 జీవో మాట దాటవేయలేను. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలను కాపాడడానికి 1996 మార్చిలో 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేశారు. ఆ కట్టడి కింద ఉన్నది సుమారు 1.32 లక్షల ఎకరాలు. 2022లో 69వ నంబరు జీవోతో దాన్ని సడలించే పని మొదలైంది, 2023 మే నెలలో మంత్రివర్గం పూర్తిగా ఎత్తివేస్తామని ప్రకటించింది. అప్పుడు మా చౌరస్తాలో స్వీట్లు పంచారు. నాకు ఆ సంబరం అర్థం కాలేదు. నగరానికి మాకన్నా దగ్గరగా ఉన్న లక్ష ఎకరాల పైచిలుకు భూమి తెరుచుకుంటే, టవర్లు కట్టేవాడు దాన్ని దాటి మా దాకా ఎందుకు వస్తాడు? మంచికో చెడుకో, ఆ జీవోయే ఇన్నాళ్లూ కొనుగోలుదారులను మా వైపు నెట్టింది.

పడమటి వైపు సంగతి చూస్తే ఈ తర్కం ఇంకా స్పష్టమవుతుంది. కోకాపేటలో 2023 ఆగస్టు వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. అంత ధర పెట్టిన భూమి మీద యాభై అంతస్తులు కట్టకపోతే నష్టం. అక్కడి ఎత్తుకు కారణం సరదా కాదు, భూమి ధర. మా దగ్గర ఇంకా భూమి చౌక. చౌక భూమిని గజాల లెక్కన ప్లాట్లుగా కోసి అమ్మితే రెండేళ్లలో డబ్బు చేతికి వస్తుంది. టవరు కడితే ఐదేళ్లు అప్పుకు వడ్డీ కట్టుకుంటూ కూర్చోవాలి. వ్యాపారి మొదటి దారినే ఎన్నుకుంటాడు, ఎన్నుకుంటున్నాడు. అందుకే ఎటు చూసినా వెంచర్లు, హద్దురాళ్లు, ఎవరూ నడవని నలభై అడుగుల రోడ్లు. కొన్నవారు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటారు, ప్లాటులో తుమ్మచెట్టు ఉంటుంది.

ఈ పరిస్థితిలోనూ టవర్ల పేరుతో అమ్మకాలు సాగడం అసలు విచిత్రం. మా బావమరిది నాలుగేళ్ల కింద ఒక కంపెనీకి ‘ప్రీ లాంచ్’ అని డబ్బు కట్టాడు. ఇరవై నాలుగు అంతస్తులన్నారు, మార్కెట్ ధరలో సగానికే ఫ్లాటన్నారు, మొత్తం ఒకేసారి కట్టాలన్నారు. అనుమతి లేదు, రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరాలో నమోదు లేదు. ఎనిమిది ఫ్లాట్లకు మించినా, స్థలం 500 చదరపు మీటర్లు దాటినా నమోదు లేకుండా ప్రకటన కూడా ఇవ్వకూడదని చట్టం చెబుతుంది. నన్ను ఒక్క మాట అడగలేదు. అడిగితే వద్దంటానని తెలిసే అడగలేదని తర్వాత మా చెల్లెలు చెప్పింది. ఆ స్థలం దగ్గరకు పోయిన దసరాకు వెళ్లి చూశాము: గేటుంది, వాచ్‌మన్ ఉన్నాడు, లోపల మొక్కజొన్న వేశారు.

ఇదంతా చదివి నేను ఎత్తైన భవనాలకు వ్యతిరేకినని అనుకోవద్దు. కొత్తూరు, నందిగామ మండలాల ఫ్యాక్టరీల్లో పనిచేసే మనుషులు ఎక్కడ ఉంటున్నారో చూస్తే, ఇక్కడ పైకి కట్టవలసిన అవసరం ఎంత ఉందో తెలుస్తుంది. ఒడిశా, బిహార్ నుంచి వచ్చిన కుర్రాళ్లు రేకుల గదుల్లో ఆరుగురు చొప్పున ఉంటారు. షిఫ్టు మారినప్పుడు మంచం కూడా చేతులు మారుతుంది. విమానాశ్రయంలో సరుకు ఎక్కించేవారు, క్యాబులు నడిపేవారు, గోదాముల్లో ప్యాకింగ్ చేసేవారు ఉన్నారు. ఏటా 1.2 కోట్ల మంది ప్రయాణికుల కోసం మొదలైన టెర్మినల్‌ను 3.4 కోట్లకు విస్తరించారు, దాని వెంట పెరిగిన ఉద్యోగాల్లో ఎక్కువ ఇలాంటివే. వీరికి కావలసింది అద్దె భరించగలిగే రెండు గదుల ఇల్లు. ఫ్లెక్సీ మీది క్లబ్ హౌసు, ఈత కొలను వీరి కోసం వేసిన బొమ్మలు కావు. వాటికి డబ్బు పెట్టగల ఐటీ ఉద్యోగి గచ్చిబౌలి నుంచి రోజూ ఇంత దూరం రాడు.

వీరికి ఇల్లు కట్టదగిన చోటు ఏదని అడిగితే నేను విమానాశ్రయం వైపు వేలు చూపను, తిమ్మాపూర్ రైల్వే స్టేషన్ వైపు చూపుతాను. సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ మధ్య 85 కిలోమీటర్ల లైనుకు రెండో పట్టా వేసి, విద్యుదీకరించి, 2023 ఏప్రిల్ 8న ప్రధాని జాతికి అంకితం చేశారు. అదే లైను మీద నగర లోకల్ రైలు ఎంఎంటీఎస్ ఉందానగర్ దాకా వచ్చి ఆగింది. ఉందానగర్ తర్వాత ఉన్నది తిమ్మాపూర్, ఆ తర్వాత షాద్‌నగర్. పట్టాలున్నాయి, తీగలున్నాయి, స్టేషన్ ఉంది. ఎంఎంటీఎస్‌ను ఇంకొంచెం దూరం నడిపించాలన్న కోరిక మాత్రం వినతిపత్రాల్లోనే ఉంది. విమానాశ్రయ మెట్రో అయితే రాయదుర్గం నుంచని 2022 డిసెంబరులో శంకుస్థాపన చేశారు, ప్రభుత్వం మారాక నాగోలు, చాంద్రాయణగుట్ట దారి అన్నారు. ఏ దారిన వచ్చినా అది విమానాశ్రయం దగ్గరే ఆగుతుంది. రేపు ప్రాంతీయ వలయ రహదారి షాద్‌నగర్ పక్కగా వెళుతుందంటున్నారు. అది లారీలకు, గోదాములకు మేలు చేస్తుంది. లారీ రోడ్డు పక్కన టవర్లు పుట్టవు, రోజూ పొద్దున మనుషులు దిగి ఎక్కే చోటే పుడతాయి.

అందువల్ల నా అంచనా ఇది. వచ్చే ఐదారేళ్లలో కొత్తూరులో ముప్పై అంతస్తులు లేవవు. రహదారిని ఆనుకుని ఒకటో రెండో పది, పన్నెండు అంతస్తులవి రావచ్చు, అవి సగం ఖాళీగా ఉంటాయి. స్టేషన్ నుంచి నడిచి వెళ్లే దూరంలో స్టిల్టు ప్లస్ ఐదు భవనాలు వరసగా వస్తే, వాటికి అద్దెకు జనం కరువుండరు. లోకల్ రైళ్లు పెరిగి, మంచినీటి పెద్ద పైపు, మురుగు పైపు వచ్చిననాడు ఈ లెక్క మార్చుకుంటాను. వచ్చే క్రమం కూడా ముఖ్యమే. పైపుల కన్నా ముందు భవనాలు వచ్చిన కాలనీలు నగర శివార్లలో ఎలా ఉన్నాయో, వేసవిలో ట్యాంకర్ల వరుస చూసినవారికి చెప్పనవసరం లేదు.

పెద్దాయన రెండోసారి వచ్చినప్పుడు ఇదంతా ఆయనకు అర్థమయ్యేలా చెప్పాను. కాగితం మీద 45 మీటర్ల చతురస్రం గీసి, చుట్టూ పదహారు మీటర్లు కొట్టేసి, మధ్యలో మిగిలిన డబ్బాను చూపించాను. ఆయన చాలాసేపు దాన్నే చూసి, “గింత జాగల ముప్పై అంతస్తులంటే పొగగొట్టమే గద సారూ” అన్నారు. ఇన్నేళ్లలో నా గీతను ఎవరూ అంత బాగా చదవలేదు. గుట్ట కాడి భూమిని డెవలప్‌మెంటుకు ఇవ్వడం ప్రస్తుతానికి ఆపుకున్నారు. తిమ్మాపూర్ దగ్గర ఆయన చిన్న కొడుక్కి ఆరు వందల గజాల ప్లాటు ఉందట. అక్కడ కూలీలకు అద్దెకిచ్చేలా నాలుగంతస్తులు గీయమన్నారు. ముందు సంపు ఎంత పెద్దది పెట్టాలో తేల్చుకుని, దాన్ని బట్టి గదుల సంఖ్య చెబుతానన్నాను. ఆదివారం కొలతలకు వెళుతున్నాను.